చూరు కింద దోనె

గున్నమ్మకు ఎత్తంటే భయం. చిన్నప్పుడు ఒకసారి అటకెక్కి దిగలేక, వాళ్ళ నాన్న పొలం నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చుని ఏడ్చిందట. అలాంటి మనిషిని రోజూ చెట్లెక్కే జగన్నాధానికిచ్చి చేశారు. కవిటి చుట్టుపక్కల ఊళ్ళలో కొబ్బరి దింపాలంటే ముందు అతనికే కబురొచ్చేది. కాళ్ళకు తాడు బంధం తగిలించుకుని, నడుముకు కత్తి దోపుకుని అతను పైకి పోతుంటే చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. గున్నమ్మ మాత్రం చెట్టు కింద నిలబడేది కాదు. అతను దిగాడని తెలిసేదాకా ఇంట్లో ఏదో ఒక పని పెట్టుకునేది. వరసకు అతను ఆమెకు మేనమామ. పెళ్ళయ్యాక కూడా "మావా" అనే పిలిచేది.

వాళ్ళకు హేమ ఒక్కతే కూతురు.

తిత్లీ తుఫానుకు తోటలు పడుకున్నాయి. ఎక్కడానికి చెట్లు లేకుండా పోయాయి. ఇంటి మీది పెంకులు లేచిపోతే వాటి స్థానంలో రేకులు వేయించుకున్నారు. గున్నమ్మ కొబ్బరి పీచు మిల్లులో పనికి కుదిరింది. తర్వాత కొద్ది కాలానికి జగన్నాధం అన్న తిరుమలరావు కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆ ఉద్దానం ఊళ్ళలో అది కొత్త చావేమీ కాదు. ఆ వీధిలోనే అలా పోయిన వాళ్ళున్నారు. అన్న కర్మ అయ్యాక జగన్నాధం తానూ రక్త పరీక్ష చేయించుకున్నాడు. అతనికీ ఉందని తేలింది.

ఆ జబ్బు ఎందుకొస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేదు. డాక్టర్లు వచ్చారు, సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు, పొలంలో మట్టి పట్టుకెళ్ళారు. ఊళ్ళోవాళ్ళ అనుమానం మాత్రం నీళ్ళ మీదే ఉండేది. జగన్నాధం అనుమానంతో ఊరుకోలేదు. ఇంకా ఒంట్లో సత్తువ ఉండగానే సోంపేట నుంచి లావుపాటి ప్లాస్టిక్ పైపు తెచ్చి, హేక్సా బ్లేడుతో నిలువునా కోశాడు. ఒక్క పైపు రెండు దోనెలయింది. రెంటినీ చివరలు కలిపి అతికించి, ఇనప పట్టీలు వంచి చూరు పొడుగునా వాసాలకు బిగించాడు. రేకుల మీద పడిన వాన ఆ దోనెలోకి జారి, అరుగు చివర పెట్టిన నల్ల ట్యాంకులోకి పోవాలి. ట్యాంకు మూతికి ఉతికిన పంచె గుడ్డ కట్టాడు. తొలకరి వానలను వదిలేసి, రేకులు బాగా కడుక్కుపోయాకే నీళ్ళు పట్టేవాడు.

"ఆకాశం నీళ్ళకి జబ్బు ఉండదు గున్నా," అన్నాడు ఆ రోజు, చేతులకంటిన ప్లాస్టిక్ రజను దులుపుకుంటూ. "నువ్వూ నానూ తాగవలసినవి ఎప్పుడో తాగీసినాం. పిల్ల మటుకు ఇంక ఇవే తాగాల."

"ముగ్గురం తాగితే ఏటవుతాది?"

"శివరాత్రికే అయిపోతాయి. ఒక్క మనిషికయితే మళ్ళీ వానల దాకా వస్తాయి."

గున్నమ్మ ఆ మాటను నమ్మిందీ లేదు, కొట్టిపారేసిందీ లేదు. అతనికి అందులో కాస్త నిబ్బరం దొరుకుతోందని ఊరుకుంది. తనకూ మొగుడికీ బావి నీళ్ళు తోడుకొచ్చేది. హేమ చెంబు వేరు, బిందె వేరు. ఇంటరు చదివే రోజుల్లో హేమ కాలేజీకి కూడా ఆ నీళ్ళే సీసాలో పోసుకుని వెళ్ళేది. తర్వాత ఊరికి పెద్ద పైపులైను వేసి కుళాయిలు ఇచ్చారు. గున్నమ్మ బావి మానేసి కుళాయికి మారింది. జగన్నాధం మాత్రం దోనె తీయనివ్వలేదు. హేమ టైలరింగు నేర్చుకుని అరుగు మీద మిషన్ పెట్టుకున్నాక కూడా, పక్కనే ట్యాంకు, ట్యాంకు మీద బోర్లించిన చెంబు అలాగే ఉండేవి.

అలా ఏళ్ళు గడిచాయి. జగన్నాధం జబ్బు ముదిరి డయాలసిస్‌కు వచ్చింది. వారంలో మూడుసార్లు ఆటోలో సోంపేట వెళ్ళి రావాలి. ఎడమ చేతిలో నరాలు కలిపి ఆపరేషన్ చేశారు, రక్తం తీసి ఎక్కించడానికి. ఆ చోట వేలు ఆనిస్తే చర్మం కింద జివ్వుమని కదులుతుంది. అది కదులుతున్నంత కాలం చెయ్యి పనిచేస్తున్నట్టు. ఆ చేత్తో బరువెత్తకూడదని, బిగించి పట్టకూడదని చెప్పారు. రోజూ పొద్దున్నే గున్నమ్మ అక్కడ వేలు పెట్టి చూసి, కదులుతోందని చెప్పి మిల్లుకు పోయేది.

నీళ్ళు కొలిచి తాగాలన్నారు. పొద్దుటి నుంచి పడుకునేదాకా చిన్న గ్లాసులతో లెక్క. దాహం ఆపుకోలేక ఐసు ముక్క నోట్లో పెట్టుకుని కూర్చునేవాడు. జగన్నాధం కొబ్బరిబొండాం తాగకూడని మనిషయ్యాడంటే ఊళ్ళో వాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు.

ఈ ఏడు రోహిణి ఎండలకు దోనె మధ్యలో అతుకు విడిపోయింది. మొదటి పెద్ద వానకు నీళ్ళు ట్యాంకు దాకా పోలేదు. అతుకు దగ్గరే ధార కట్టి గోడను కొట్టాయి. అది పాత మట్టిగోడ. లోపల సరిగ్గా అక్కడే జగన్నాధం మంచం. పొద్దుటికి గోడ చెమ్మగిల్లి, సున్నం పెళ్ళలు దుప్పటి మీద పడ్డాయి.

పైపుల పని చేసే ధనరాజు అదే ఊరివాడు, జగన్నాధానికి బావ వరస. పిలిస్తే వచ్చాడు. నిచ్చెనెక్కి దోనెను వేలితో తట్టి చూసి దిగాడు.

"బావా, ఇది ఎండకి పెళుసెక్కిపోయినాది. ఒక కాడ అతికితే ఇంకో కాడ ఇరుగుతాది. మొత్తం మార్చాల. ఇప్పుడు నాకు సోంపేటలో పని తెమల్డం నేదు. వానలు తగ్గినాక వస్తాను."

అతను వెళ్ళాక జగన్నాధం, "వానలు తగ్గినాక దోనె ఎందుకంట?" అన్నాడు. గున్నమ్మకు నవ్వొచ్చింది కానీ అతను నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం తానే ఎక్కుతానని నిచ్చెన వేయించాడు. రెండు మెట్లు ఎక్కి, మూడో మెట్టు మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయాడు. రెండో కాలు పైకి లేవలేదు. హేమ మిషన్ దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి నడుం పట్టుకుంది. దిగి అరుగు మీద కూర్చుని, తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

గున్నమ్మ అతన్ని అలా చూడలేకపోయింది. "నాను ఎక్కుతాను," అంది.

"నువ్వా?"

"మరెవులున్నారు? ఏటి సెయ్యాలో కింద నుంచి సెప్పు."

కొంగు బిగించి ఎక్కింది. హేమ నిచ్చెన పట్టుకుంది. చూరు అందే ఎత్తుకు వెళ్ళేసరికి గున్నమ్మ చేతులు చెమటకు జారుతున్నాయి.

"కిందికి సూడకు. గోడనే సూడు," అన్నాడు జగన్నాధం.

"గోడ మీద బల్లి ఉన్నాది."

"అయితే దాన్నే సూడు."

ఆమె ఒక చేత్తో వాసం పట్టుకుని, రెండో చేత్తో అతుకు మీద పైపులు అతికే సొల్యూషన్ పూసింది. దోనెలో ఇంకా తడి ఉంది, మడ్డి ఉంది. తుడవడానికి రెండు చేతులు కావాలి. వాసం వదలడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. దిగి వచ్చి, బాగానే అతికిందని చెప్పింది. తర్వాతి వానకు అతుకు మళ్ళీ విడిపోయింది. నీళ్ళు ఈసారి గోడ లోపలివైపు కూడా కారాయి. మంచాన్ని గది మధ్యకు జరిపారు.

జగన్నాధం కోప్పడలేదు. రెండు రోజులు ఏదో ఆలోచించి, ఎండ కాసిన పూట భార్యను మిల్లు మాన్పించి ఉంచాడు. పెరట్లో పడి ఉన్న, నిలువునా సగానికి కోసిన పైపు ముక్కను తెమ్మన్నాడు. బోరు దింపేవాళ్ళు పైపు చివర నిప్పు మీద కాచి, మెత్తబడ్డాక ఒకదాని మీద ఒకటి ఎక్కించడం అతను చూశాడు. అలాగే ఈ ముక్కను కాచి అతుకు కింద తొడగాలన్నాడు.

ఆ రోజు గున్నమ్మ దోనెను రెండు చేతులతో తుడిచింది. మడ్డి గీకి, గరుకు కాగితంతో రుద్ది, ఎండకు ఆరనిచ్చింది. వాసం ఎప్పుడు వదిలేసిందో ఆమెకే గుర్తులేదు. కింద జగన్నాధం పొయ్యి ముందు పీట వేసుకుని, కుడి చేత్తో పటకారు పట్టుకుని పైపు ముక్కను సెగ మీద తిప్పాడు. అది మెత్తబడగానే హేమ గుడ్డతో పట్టుకుని పైకి అందించింది. గున్నమ్మ సొల్యూషన్ పూసి, దాన్ని అతుకు కింద ఒత్తింది.

"వదిలీకు. సల్లారేదాకా నాను కింద నుంచి ఆనుతాను," అన్నాడు జగన్నాధం. ఒకప్పుడు కింద నిలబడి కాయలు కోయడానికి వాడిన పొడుగు వెదురు దోటి తెచ్చి, దాని కొసకు గుడ్డ చుట్టి, ముక్కను కింది నుంచి ఆనించి పట్టుకున్నాడు. పైన ఆమె, కింద అతను, కదలకుండా ఉన్నారు. హేమ వాళ్ళిద్దరినీ చూసి, "ఫొటో తీస్తాను ఉండండి," అంది. ఫోను తెచ్చేలోపు గున్నమ్మ దిగిపోయింది. ఆఖరికి ఇనప తీగతో రెండు చోట్ల బిగించి కట్టారు.

వాన వచ్చింది. అతుకు దగ్గర ఒక్క చుక్క కారలేదు. నీళ్ళు దోనె పొడుగునా జారి ట్యాంకులో పడుతున్న చప్పుడుకు జగన్నాధం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొహంలో వెలుగొచ్చింది.

"ఒక్క గుక్క ఇవ్వే," అన్నాడు.

"ఇయ్యాల్టి నీ లెక్క అయిపోనాది మావా."

"తెలుసు. ఒక్క గుక్క."

ఆమె చెంబు అడుగున కొంచెం పోసి ఇచ్చింది. అతను వెంటనే మింగలేదు. పుక్కిట పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

శ్రావణంలో ఊరి బళ్ళో రక్త పరీక్షల శిబిరం పెట్టారు. ఇంటింటికీ వచ్చి పిలిచారు. గున్నమ్మా హేమా ఇద్దరూ వెళ్ళి రక్తం ఇచ్చారు. హేమకు పాతికేళ్ళు కూడా నిండలేదు. ఒంట్లో నలత కూడా ఏమీ లేదు. ఆమెను పంపింది కూడా జగన్నాధమే. దోనె నీళ్ళు ఎంత మేలు చేశాయో కాగితం మీద చూసుకోవాలని అతనికి ఆశ.

ఆరోగ్య కేంద్రంలో పనిచేసే అనూరాధ తనే ఇంటికి వచ్చింది. మామూలుగా ఆమె వీధిలో నిలబడే మాట్లాడి వెళ్ళిపోయేది. ఆ రోజు అరుగెక్కి కూర్చుంది.

"పిన్నీ, నీకు ఏటీ నేదు. నీది బాగున్నాది," అంది ముందు.

తర్వాత చేతిలో కాగితం మడత విప్పింది. హేమ మిషన్ ఆపింది.

"హేమకి కిడ్నీ పరీక్షలో కొంచెం ఎక్కువొచ్చినాది. మొదట్లోనే ఉన్నాది, భయపడకండి. పలాస తీసుకెల్లి మళ్ళీ సేయించాల."

లోపల మంచం మీద ఉన్న జగన్నాధం విన్నాడు. గోడ పట్టుకుని లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవులిది ఎక్కువొచ్చినాది?"

అనూరాధ మళ్ళీ చెప్పింది.

"తప్పు సూసినారు. ఇద్దరివీ తారుమారు అయ్యుంటాయి. దోనె కట్టిన కాణ్ణుంచీ ఈ పిల్ల బావి నీళ్ళు ముట్టనేదు. ఆకాశం నీళ్ళే తాగినాది."

"నీళ్ళ వల్లే వస్తాదని ఎవులూ తేల్చనేదు బాబాయ్. ఇంట్లో ఒకరికుంటే ఇంకొకరికి రావచ్చంటన్నారు. ఏదీ కచ్చితంగా తెలీదు."

పలాసలో మళ్ళీ చేశారు. అదే వచ్చింది. డాక్టరు హేమకు మాత్రలు రాసి, నొప్పుల బిళ్ళలు వేసుకోవద్దని, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమని చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో హేమ కిటికీ పక్కన కూర్చుంది. తల్లి చెయ్యి పట్టుకోబోతే, "ఏటీ అవదులే అమ్మా," అంది.

జగన్నాధం అన్నం తినడం తగ్గించాడు. అరుగు మీద కూర్చుని గంటల తరబడి దోనె వంక చూసేవాడు. ఒక సాయంత్రం గున్నమ్మ మిల్లు నుంచి వచ్చి తల్లో పీచు దులుపుకుంటుంటే అన్నాడు.

"నువ్వు పుట్టిన కాణ్ణుంచీ బావి నీళ్ళు తాగినావు. నీకు ఏటీ నేదు. అది నాను పట్టిన నీళ్ళు తాగినాది. దానికొచ్చినాది."

"అందుకు ఇది కారణమని ఎవులు సెప్పినారు?"

"ఎవులు సెప్పాల? ఎండకి కాలిన ప్లాస్టిక్కు. దాంట్లో ఏటి దిగినాదో. ఆ రేకుల్లో ఏటున్నాదో. నా సేత్తో నానే పోసినాను గున్నా."

ఆమె చాలా చెప్పింది. మీ అన్న ఏ దోనె నీళ్ళు తాగి పోయాడంది. నీకెలా వచ్చిందంది. డాక్టరు నోటితో చెప్పిస్తే నమ్ముతాడని, డయాలసిస్‌కు వెళ్ళినప్పుడు అక్కడి డాక్టరును అడిగించింది. ఆయన, "అలా అనుకోకండి, మీ తప్పేం లేదు," అన్నాడు. మరి దేనివల్ల వచ్చిందని జగన్నాధం అడిగితే మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడమే జగన్నాధం పట్టుకున్నాడు.

గున్నమ్మ మిల్లులో ఉన్న పూట అది జరిగింది. హేమ చెప్పగా తర్వాత ఆమెకు తెలిసింది. అతను దోటి తెచ్చి, దాని కొక్కేన్ని దోనెకు తగిలించి లాగడం మొదలుపెట్టాడట. ఒక్క చేత్తో రాలేదు. రెండు చేతులూ బిగించి, ఒళ్ళంతా వేలాడేసి లాగాడట. హేమ కేకేసుకుంటూ వచ్చి పట్టుకునేసరికి దోనె పెళపెళమని విరిగి, ముక్కలై అరుగు మీదా వాకిట్లోనూ పడింది. అతను వాకిట్లో చతికిలబడి, "ఇంక తాగకు అమ్మా. ఇంక తాగకు," అంటున్నాడట.

మర్నాడు పొద్దున్న గున్నమ్మ అతని ఎడమ చేతి మీద వేలు పెట్టింది. జివ్వుమనలేదు. వేలు మార్చి చూసింది. చెవి ఆనించి విన్నది. చెయ్యి వేడిగా, గట్టిగా ఉంది. కింద ఏమీ కదలడం లేదు.

"మావా, ఇది ఆగిపోనాది," అంది.

అతను చేతివంక చూసుకోలేదు. "ఆగితే ఆగనీ," అన్నాడు.

శ్రీకాకుళం తీసుకెళ్ళారు. లోపల రక్తం గడ్డ కట్టిందన్నారు. మెడ దగ్గర గొట్టం వేసి దాంట్లోంచి డయాలసిస్ చేశారు. కొన్నాళ్ళు అలా నడిచింది. తర్వాత చలిజ్వరం పట్టుకుంది. గొట్టం దగ్గర చీము పట్టి రక్తంలోకి పాకిందని చెప్పారు. గున్నమ్మ మంచం పక్కనే నేల మీద చాప వేసుకుని ఉంది. హేమ ఇంటికీ ఆసుపత్రికీ తిరిగింది. తెలివి ఉన్నప్పుడు అతను కూతుర్ని చూసి మొహం తిప్పుకునేవాడు. హేమ అటువైపు వెళ్ళి నిలబడేది. మళ్ళీ ఇటు తిప్పుకునేవాడు. చివరికి ఆ పిల్ల అతని పాదాల దగ్గర కూర్చుని, "నాన్నా, ఆ నీళ్ళు బాగుండేవి," అంది. అతను విన్నాడో లేదో తెలియదు.

దసరా ముందు పోయాడు.

కర్మలైపోయాక చుట్టాలు వెళ్ళిపోయారు. గున్నమ్మ వాకిట్లో దోనె ముక్కలన్నీ ఏరి పెరటి కంచె మూల పడేసింది. ట్యాంకులో సగానికి పైగా నీళ్ళున్నాయి. ఏం చేయాలో ఆమెకు తోచలేదు. పారబోయడానికి చెయ్యి రాలేదు. కూతురికి ఇవ్వడానికి అంతకంటే చెయ్యి రాలేదు. ఒకరోజు హేమ చెంబు పట్టుకుని ట్యాంకు ముందు నిలబడి అడిగింది.

"అమ్మా, నాను ఇప్పుడు ఏ నీళ్ళు తాగాల?"

గున్నమ్మ ట్యాంకును చూసింది, వీధి కుళాయిని చూసింది.

"అందరూ తాగినవే తాగీ," అంది.

మూడు నెలలకు మళ్ళీ పలాస వెళ్ళారు. కాగితం మీద అంకె ఇంకొంచెం పెరిగింది. డాక్టరు మరీ ఎక్కువేం కాదన్నాడు, మందు మార్చాడు. గున్నమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ వారమే అల్పపీడనం పట్టి ముసురు మొదలైంది. చూరు నీళ్ళు గోడ పొడుగునా కారి, లోపల సున్నం ఊడి మట్టి బయటపడింది. అరుగు మీదికి జల్లు కొడుతోంది. తల్లీ కూతుళ్ళిద్దరూ కలిసి మిషన్ లోపలికి లాక్కున్నారు. హేమ తడిసిన జాకెట్టు గుడ్డలు దండెం మీద ఆరేస్తూ గోడను చూసింది.

"ధనరాజు మావకి కబురు పెడదామా?"

"వద్దు," అంది గున్నమ్మ. "తడవనీ."

హేమ మిషన్ ముందు కూర్చుంది. లైటు వేసుకుని, సూదిలో దారం ఎక్కించుకుంది.